పిల్లనడిగే వాక్యం

మావారు నెజ్దెత్ మా ఊరు అమాస్య బడిలో ముప్పయ్యారేళ్లు వ్యాకరణం చెప్పారు. మాట చివర విభక్తి మింగేసి మాట్లాడిన పిల్లాడికి ఆ పూట చెవి ఎర్రబడేది. అలాంటి మనిషికి నిరుడు పక్షవాతం వచ్చి, విభక్తులన్నీ రాలిపోయాయి. "షుకూఫె... రొట్టె... కత్తి" అంటారు. షుకూఫె అని నన్నే పిలుస్తున్నారనీ, రొట్టెని కత్తితో కోయమంటున్నారనీ నేనే అర్థం చేసుకోవాలి. చివర రావాల్సిన క్రియ అసలు రాదు. ఆ అవస్థ చూడలేక ప్రతి వాక్యం నేనే పూర్తిచేస్తూ వచ్చాను. నా నోటికెప్పుడూ తొందరే.

ఇంతలో మనవడు ఒగూజ్‌కి పిల్ల కుదిరింది. పిల్లనడగడానికి వెళ్లినప్పుడు పెళ్లికొడుకు ఓపిక చూడ్డానికి పిల్ల ఉప్పేసిన కాఫీ ఇస్తుంది. ఆ తర్వాత అబ్బాయి తరఫు పెద్ద ఒక్క వాక్యం చెప్పాలి, పిల్ల తండ్రి "ఇచ్చాం" అనాలి. అప్పటిగ్గానీ సంబంధం ఖాయం కాదు.

"మీ పెదనాన్న చేత అడిగిద్దాంరా," అన్నాను.

"తాతయ్య ఉండగా పెదనాన్నెందుకు నాయనమ్మా? తాతయ్య అడగకపోతే వాళ్లిచ్చే ఉప్పు కాఫీ నేను ముట్టనే ముట్టను."

మావారు నెల్లాళ్లు గడ్డం గీసుకుంటూ అద్దం ముందు ఆ వాక్యం సాధన చేశారు. ఒక్కసారీ చివరిదాకా రాలేదు. పక్కగదిలోంచి నేను అందిస్తూనే ఉన్నాను.

ఆ ఆదివారం పిల్ల ఎల్వాన్ ఇంట్లో కాఫీలయ్యాయి. పెళ్లికొడుకు కప్పులో గుప్పెడు ఉప్పు వేసినట్టున్నారు, ఒగూజ్ మొహం చిట్లించకుండా తాగేశాడు. మావారు గొంతు సవరించుకున్నారు.

"అల్లా ఆజ్ఞతో... ప్రవక్త మాటతో... మీ అమ్మాయి ఎల్వాన్‌ని... మా అబ్బాయి..."

ఆగిపోయారు.  మిగతాది నా నాలుక చివరే ఉంది, నోరు తెరిచాను. పిల్ల తండ్రి రిఫ్కీ నావైపు చూసి మెల్లగా తల అడ్డంగా ఊపాడు. చిన్నప్పుడు మావారి దగ్గర వ్యాకరణం పరీక్ష రెండుసార్లు తప్పినవాడే.

"మాష్టారు చెబుతున్నారు కదమ్మా. క్రియ వచ్చేదాకా నోరు మూసుకుని వినాలని ఆయనే నేర్పారు మాకు. మాకేం తొందర లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్ని నెలలూ జాలి పేరు చెప్పి ఆయన నోటి దగ్గర మాట లాగేసుకున్నాను. పెదవి పళ్లకింద నొక్కిపెట్టాను. గదిలో పదిమందీ ఖాళీ కప్పులు పట్టుకుని కదలకుండా కూర్చున్నారు.

"...అబ్బాయికి," అన్నారాయన. నుదుటి చెమట తుడుచుకున్నారు. క్రియ ఇంకా రావాలి. "అడుగుతున్నాం."

ఇక రిఫ్కీ ఒక్క మాట అంటే అయిపోతుంది. అతను కూతురివైపు చూశాడు. అతని కళ్లనిండా నీళ్లు, "ఇచ్చాం" అనలేకపోయాడు. అందరూ గుసగుసలు మొదలుపెట్టారు. మావారు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, అతని మోకాలి మీద చేయివేసి, ఆ మాట కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.