మూత తియ్యని మందు

నేను ఒక గుక్కెడు మందుని. సీసాలో ఉంటాను. ఆ సీసా ఒక సంచిలో ఉంటుంది, సంచి ఒక యోధురాలి నడుముకి వేలాడుతుంది, ఆ యోధురాలు టీవీ తెర లోపల ఒక ఆటలో ఉంటుంది. నన్ను తాగితే చావబోతున్నవాళ్ళు లేచి నిలబడతారని నా మీద రాసి ఉంది. నిజమో కాదో నాకూ తెలియదు. ఇంతవరకూ నన్నెవరూ తాగలేదు.

నేను పుట్టింది ఏటిగడ్డ అనే ఊళ్ళో, మూలికలమ్మే ముసలమ్మ అంగట్లో. ఊరూ ముసలమ్మా కూడా ఆటలోవే. మూడు ఆకులు నలిపి, ఏటి నీళ్ళు పోసి, చెక్క బిరడా బిగించింది. మీరు తుమ్మి ముక్కు తుడుచుకునేంత సేపట్లో పుట్టేశాను. పుట్టగానే తెర అద్దంలోంచి బయటికి చూశాను. ఏలూరులో ఒక ఇల్లు, ముందు గది, ఎదురుగా అద్దాల షోకేసు, దాని పై అరలో నీలం పువ్వుల పింగాణీ కప్పులు ఆరు. ఆ కప్పులకీ నాకూ ఏదో చుట్టరికం ఉందని అప్పుడు అనుకోలేదు.

నా మొదటి యజమాని సుధాకర్. ఆ ఇంటి రెండో కొడుకు. ఉద్యోగంలో ఒత్తిడి ఎక్కువైందని ఈ ఆట యంత్రం కొని తెచ్చాడు. అంతకుముందు అదే ఒత్తిడికి ఒక గిటారు, ఒక నడిచే మిషనూ కొన్నాడు. గిటారు అటక మీద ఉంది. మిషను మీద తువ్వాళ్ళు ఆరేస్తున్నారు. సుధాకర్ నా తోటి మందుల్ని మంచినీళ్ళలా తాగాడు. తోడేలు గీరితే ఒకటి, ముళ్ళకంపలో కాలు పడితే ఒకటి, ఊరికే చూద్దామని ఒకటి. పన్నెండు మందిమి ఉండేవాళ్ళం. నన్ను తియ్యబోతుంటే కరెంటు పోయింది. వచ్చేసరికి అతనికి ఆట మీద మోజు తీరిపోయింది. ఆనాడు అతన్ని దుబారా మనిషి అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవటం లేదు. అతని చేతిలో పడ్డ పదకొండు సీసాలూ పుట్టిన పని చేసి పోయాయి.

రెండో యజమాని అతని భార్య ప్రసూన. దుమ్ము తుడుస్తూ యంత్రం మీద ఏదో నొక్కింది, ఊరు కనిపించింది, గుడ్డ పక్కన పెట్టి కూర్చుంది. తనకోసం ఒక విలుకత్తెని తయారుచేసుకుని, దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. సుధాకర్ వదిలేసిన సంచి దానికే తగిలించింది, అలా నేనూ ఆమె చేతికి వచ్చాను. దారి చూడకుండా పరిగెత్తటం, అడక్కుండా ప్రతి తలుపూ తోసెయ్యటం ఆమె పద్ధతి. రోజుకి పదిసార్లు చచ్చేది, పదకొండోసారి నవ్వుకుంటూ లేచేది.

ఆ పక్కనే బల్ల దగ్గర కూర్చుని గోంగూర ఒలుస్తూ ఉండేది మందాకిని. ఇంటికి పెద్దకోడలు, ప్రసూనకి తోడికోడలు. ఆవిడ తెర వైపు చూడనట్టే ఉండి అంతా చూసేది.

"అటు కాదు ప్రసూనా. ఆ గోడ నీడలో ఎవడో ఉన్నాడు."

"ఎక్కడక్కా, ఎవరూ లేరే," అంటూ ప్రసూన వెళ్ళేది. వాడు ఉండేవాడు. పిచ్చుక కూలిపోయేది.

"చెప్పానా."

"చెప్పటం కాదు, మీరే వచ్చి ఆడండి."

వారం తిరక్కముందే మందాకిని చేతిలో రెండో రిమోటు ఉంది. తెరలో కత్తి పట్టిన ఒక యోధురాలు పిచ్చుక పక్కన నిలబడింది. పేరేం పెట్టాలో మందాకినికి తోచలేదు. ప్రసూనే ఇంగ్లీషు అక్షరాల్లో అక్క అని కొట్టేసింది. ఆ సాయంత్రమే నన్ను పిచ్చుక సంచిలోంచి తీసి అక్క సంచిలో పడేసింది. "నా దగ్గరుంటే తాగేస్తాను. మీ దగ్గరుంచండి," అంది. ఆ మాటలో ఎంత నమ్మకం ఉందో అప్పుడు నేను గర్వంగా లెక్కేసుకున్నాను. 

మగవాళ్ళు ఆఫీసులకీ పిల్లలు స్కూళ్ళకీ పోయాక, భోజనాలై గిన్నెలు కడిగాక, రెండింటి నుంచి నాలుగింటి వరకూ ఆ గది వాళ్ళది. పక్క గదిలో కునుకు తీస్తూ అత్తగారు కేకేసేది. "ఆ దెయ్యాలన్నీ చచ్చాక కాస్త టీ పెట్టండమ్మాయ్."

"ఇంకో రెండున్నాయత్తయ్యా," అనేది ప్రసూన.

మా ఊళ్ళో వస్తువులన్నిటికీ పది మెట్లుంటాయి. కత్తిని కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి, కొండ ఇనుమో కొమ్ముల పొడో ఇస్తే ఒక మెట్టు ఎక్కిస్తాడు. కవచానికి చేప పొలుసులు కుట్టిస్తే ఒక మెట్టు. నా సంగతి వేరు. నాలాంటి సీసానే ఇంకోటి తెచ్చి నాలో వంపాలి. అలా నా తోడబుట్టినవాళ్ళని మింగుతూ నేను మెట్లెక్కాను. చెక్క బిరడా పోయి ఇత్తడి మూత వచ్చింది, తరవాత వెండిది. నీళ్ళ రంగు పోయి తేనె రంగు వచ్చింది.

ఈ మెట్లెక్కించటంలో మందాకినికి ఉన్న ఓపిక నేను ఎవరిలోనూ చూడలేదు. యుద్ధమంటే ఆవిడకి పెద్ద ఆసక్తి లేదు. యుద్ధానికి సిద్ధపడటమంటే ఇష్టం. పప్పులడబ్బాలు ఎండబెట్టి నింపుకున్నట్టు కత్తినీ కవచాన్నీ చూసుకునేది. కానీ కత్తి రోజూ ఒరలోంచి బయటికి వచ్చేది, అంచు మొండిబారేది, మళ్ళీ పదును పెట్టించుకునేది. కవచానికి సొట్టలు పడేవి, సరిచేయించేది. నాకొక్కదానికే ఏమీ అయ్యేది కాదు. ఆవిడకి గాయాలైనప్పుడు అరటిపళ్ళు తిని, బావి దగ్గర పడుకుని నయం చేసుకునేది కానీ నా మూత మీద చెయ్యి వేసేది కాదు.

"మందుందిగా అక్కా, తాగొచ్చుగా," అనేది ప్రసూన.

"ఇంత చిన్నదానికా. ముందు ముందు అవసరం పడుతుంది."

"ఆ కప్పుల్లాగానా?"

షోకేసులో కప్పులు ప్రసూన కాపురానికి వచ్చినప్పుడు తెచ్చినవి. మొదటిరోజే వాటిలో కాఫీ పోద్దామని ఆమె అంటే, మంచివి, వాడితే పగుల్తాయి, ఎవరైనా వచ్చినప్పుడు తీద్దామని మందాకిని పై అరలో పెట్టింది. ఏడేళ్ళుగా ఆ ఇంటికి చాలామందే వచ్చారు. కప్పులు తియ్యదగ్గవాళ్ళెవరూ రాలేదు.

జ్యేష్ఠంలో సుధాకర్‌కి కర్నూలు బదిలీ అయింది. ఆట పూర్తిచెయ్యటానికి నెలరోజులైనా ఉంటాయని తోడికోడళ్ళిద్దరూ అనుకున్నారు. ఆటలో ఇక మిగిలింది చివరిదైన బూడిదరాజు కోట ఒక్కటే. కానీ ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించకూడదని అత్తగారు గుర్తుచేసింది. తిథి చూస్తే అమావాస్యకి ముందు సోమవారం ఒక్కటే బాగుంది. అంటే లారీ ఆదివారం ఉదయం రావాలి. శని, ఆదివారాలు ఇల్లంతా మనుషులే. ఇక మిగిలినవి మూడు మధ్యాహ్నాలు.

"ఇవాళే కోటకి పోదామక్కా," అంది ప్రసూన బుధవారం నాడు. వెనక సగం సర్దిన అట్టపెట్టెలున్నాయి. "నేను వెళ్ళేలోపు ఇద్దరం కలిసి గెలవాలి. తరవాత నాకెవరున్నారు ఆడటానికి."

ఆ కోటకి ఒక నియమం ఉంది. లోపల ఎవరైనా పడిపోతే, పది లెక్కపెట్టేలోపు తోటివాళ్ళు మందు పొయ్యాలి. పొయ్యకపోతే ఆ మనిషి ఆటలోంచే పోయినట్టు. లోపలికెళ్ళాక వెనక్కి రావటమూ లేదు, అదే కోటని మళ్ళీ ఆడటమూ లేదు. చివర్లో ఎవరు మిగిలితే వాళ్ళ బొమ్మే గెలుపు గోడ మీద నిలబడుతుంది.

మందాకిని సంచి తెరిచి నన్ను చూసింది. "ఇది తొమ్మిదో మెట్టు మీదే ఉంది. పదోది ఎక్కించి పోదాం."

"తొమ్మిది చాలదా?"

"చాలకపోతే?"

ప్రసూన మళ్ళీ రిమోటు అందుకుంది. పదో మెట్టుకి మాత్రం ఇంకో సీసా సరిపోదు, మంచుపువ్వులు కావాలి. అవి కొండ కొమ్మున, ఒక్కొక్కటి ఒక్కో చోట పూస్తాయి. బుధవారం మధ్యాహ్నమంతా ఇద్దరూ కొండెక్కారు. గురువారం కూడా ఎక్కారు. ప్రసూన మధ్యమధ్యలో లేచి పెట్టెలకి తాడు కట్టి వచ్చేది. ఒకసారి పిచ్చుకని మంచులో కూర్చోబెట్టి, "అక్కా, ఇక్కణ్ణించి మన ఊరు కనిపిస్తోంది చూడండి," అంది. మందాకిని చూడలేదు. పువ్వు కోసం రాళ్ళ సందులు వెతుకుతోంది. నేను చూశాను. బాగుంది.

గురువారం నాలుగింటికి నాకు బంగారు మూత వచ్చింది. నాలోంచి వెలుగు వస్తోంది. మందాకిని మొహంలో ఆ సంతోషం చూసి నేనూ పొంగిపోయాను. నా జీవితంలో నేను సిగ్గుపడే క్షణం ఏదైనా ఉంటే అదే.

శుక్రవారం కోటలోకి వెళ్ళారు. పిచ్చుక ముందు, అక్క వెనక. కాపలావాళ్ళు ఒక లెక్క కాదు, కత్తి పదో మెట్టు మీద ఉంది. లోపలి గదిలో బూడిద రంగు గుర్రం మీద ఒకడు కనిపించాడు. ప్రసూన అలవాటు ప్రకారం అడక్కుండా తోసుకుపోయింది. వాడి ఈటె రెండుసార్లు తగిలింది. పిచ్చుక నేలకొరిగింది. తలమీద అంకెలు వచ్చాయి. పది. తొమ్మిది.

"అక్కా, మందు."

మందాకిని సంచి తెరిచింది. వేలు నా మీదే ఉంది. ఇంకొక్క నొక్కు.

"వీడు రాజు కాదేమో ప్రసూనా," అంది ఆవిడ. "ప్రతి కోటలోనూ వెనకాల ఇంకోడున్నాడు. మిగతావన్నీ దీన్లోనే వంపేశాం, ఉన్నదొక్కటే సీసా."

ఆరు. అయిదు.

"ఉంటే ఉన్నాడు, పొయ్యండక్కా."

ప్రసూన రిమోటు ఒళ్ళో పెట్టుకుని తెర వైపు కాకుండా మందాకిని వైపు చూసింది. నేను నా మూతని లోపల్నుంచి తోశాను. సీసాలకి ఆ బలం లేదు. మూడు దగ్గర మందాకిని వేలు కదిలింది. నొక్కటానికి కాదు, ఇంకోసారి ఆలోచించటానికి. సున్నా వచ్చింది. పిచ్చుక ఈకల్లా రాలి, బూడిదలో కలిసిపోయింది.

మిగిలిన యుద్ధం రెండు నిమిషాలు. ఆ కత్తికి, ఆ కవచానికి వాడు ఆగలేకపోయాడు. గుర్రం కూలింది, కోట తలుపులు తెరుచుకున్నాయి. వెనకాల ఎవరూ లేరు. వాడే రాజు. గెలుపు గోడ మీద ఒక్కటే బొమ్మ లేచింది. కింద పేరు, అక్క.

 ముందు ప్రసూనే నవ్వింది. "పోనీలెండక్కా, గెలిచారుగా. సీసా కూడా మిగిలింది. దాచుకోండి." ఎత్తిపొడుపు అనుకుందామంటే గొంతులో ఆ పదును లేదు. లేచి పెట్టెలు సర్దుకోవటానికి వెళ్ళిపోయింది.

ఆదివారం లారీ వచ్చింది. గిటారూ నడిచే మిషనూ వెళ్ళాయి. ఆట యంత్రం ఇక్కడే ఉంచెయ్యమని ప్రసూన చెప్పింది. షోకేసు దగ్గర ఆగి కప్పులకేసి చూసి, "ఇవీ ఉంచండక్కా, దార్లో పగుల్తాయి," అంది. మందాకిని ఏదో అనబోయింది. ఆవిడ పెదాలు కదలటం తెరలోంచి నాకు కనిపించింది. అంతలో కిందనుంచి డ్రైవరు హారను కొట్టాడు. ఆ మాట కూడా ముందు ముందు చెప్పొచ్చని దాచేసిందేమో.

శ్రావణం వెళ్ళింది. ఫోన్లో ప్రసూన మాటలు అప్పుడప్పుడూ వినిపిస్తాయి. కర్నూలు ఎండల గురించి, పక్కింటావిడ గురించి, ఆవిడతో రోజూ మధ్యాహ్నం మార్కెట్‌కి వెళ్ళటం గురించి. మందాకిని ఊఁ కొడుతుంది. కోట గురించి ఇద్దరూ ఎత్తరు.

నిన్న రెండింటికి గిన్నెలు కడిగాక, ఆవిడ చెయ్యి తుడుచుకుని వచ్చి టీవీ పెట్టింది. గెలిచినవాళ్ళు ఏటిగడ్డలో ఊరికే తిరగొచ్చు. అక్క ఏటి ఒడ్డుకి వెళ్ళి నిలబడింది. మందాకిని సంచి తెరిచి నా మీద వేలు పెట్టింది. ఈసారి ఆగలేదు, నొక్కింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి. గాయాలేమీ లేవు, ఈ మందు అవసరం లేదు.

ఇంకోసారి నొక్కింది. అవే అక్షరాలు. నా మూత కదల్లేదు. ఒంటి మీద దెబ్బ లేనివాళ్ళకి నేను పనికిరానని నన్ను చేసినవాళ్ళు రాసి పెట్టారు. వాళ్ళకి తెలిసిన గాయాలు అవే.

రిమోటు పక్కన పెట్టి మందాకిని లేచింది. కుర్చీ వేసుకుని షోకేసు పై అర తీసింది. నీలం పువ్వుల కప్పులు రెండు దించి, కడిగి, టీ పోసి, ఒకటి అత్తగారి గదిలోకి తీసుకెళ్ళింది.

"దెయ్యాలన్నీ అయిపోయాయా అమ్మాయ్?"

"అయిపోయాయత్తయ్యా."

"ఇదేంటి, ఈ కప్పులు తీశావు. ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

రెండో కప్పు పట్టుకుని మళ్ళీ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. తాగింది. కప్పు పగల్లేదు. తెర మీద అక్షరాలు ఇంకా పోలేదు, వాటిని తీసెయ్యాలని ఆవిడకి తోచలేదు.