నాలో వెలుతురు దూరలేదు

నేను ఒక ఫిల్ము కెమెరాను. ఒక్కో బొమ్మకూ ఆగి, ఆలోచించి, ఫిల్ము జరిపే లీవరు తిప్పుకుని తీసే కాలంలో జపానులో పుట్టాను. ఓడ ఉద్యోగి ఒకడు నన్ను సంచిలో వేసుకొచ్చి కాకినాడ రేవు దగ్గర విదేశీ సామాన్ల దుకాణంలో అమ్మేశాడు. అక్కడ నా పక్కన ఇంకో రెండు కెమెరాలుండేవి. రెండూ నాకంటే మెరిసేవి. వచ్చినవాళ్లందరూ వాటినే ఎత్తి చూసేవారు.

సత్యవేణి అలా చెయ్యలేదు. ఆమె ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరు. మూడింటినీ తీరిగ్గా చేతిలోకి తీసుకుంది. లెన్సును వెలుతురుకు పట్టి లోపల బూజు పట్టిందేమో చూసింది. వెనక తలుపు తెరిచి, షట్టరు నొక్కి, తెర ఎలా కదులుతోందో గమనించింది. బ్యాటరీ అయిపోతే ఏమవుతుందని అడిగింది. మిగతా రెండూ ఆగిపోతాయనీ, ఇదొక్కటే వెలుతురు కొలవడం మానేసినా ఫోటో మాత్రం తీస్తుందనీ దుకాణదారు చెప్పాడు. అలా నేను ఆమె మెడలోకి చేరాను.

ఆదివారాలన్నీ మావే. నా కంటిలో రెండు ముక్కలుగా కనిపించే బొమ్మ, ఆమె వేళ్లు లెన్సు తిప్పగానే ఒక్కటిగా అతుక్కునేది. ఆ క్షణాన ఆమె ఊపిరి బిగబట్టేది. నాకు అంతకంటే సుఖం తెలియదు.

రీళ్లు కడిగి ప్రింట్లు వేసేది చిదంబరం. మెయిన్ రోడ్డులో అతనికి స్టూడియో ఉంది. ఫోటోలు తియ్యడంలో ఆమెకు ఓనమాలు దిద్దించింది అతనే. అన్నయ్యగారూ అని పిలిచేది. పెళ్లిపీటల ముందు నిలబడీ నిలబడీ అతని నడుం వంగిపోయింది.

ఒక ఆదివారం తాళ్లరేవులో కొత్త పడవను నీళ్లలోకి దించుతున్నారు. ఊరంతా తాడు పట్టి లాగుతోంది. పళ్లు బిగించిన ఆ ముఖాల మధ్య ఒక్క ఆడమనిషి మాత్రం జుట్టుముడి ఊడిపోయి పగలబడి నవ్వుతోంది. పేరు సింగారమ్మ. పక్కనే ఆమె భర్త తాడు లాగుతూ ఆమెనే చూస్తున్నాడు. సత్యవేణి నొక్కింది. లోపల తెర కదిలినప్పుడే నాకు తెలిసిపోయింది, ఇలాంటిది మళ్లీ దొరకదని. తప్పకుండా ఒక ప్రింటు తెచ్చిస్తానని ఆ దంపతులకు చెప్పి వచ్చింది.

రీలు కోసం స్టూడియోకి వెళ్లినప్పుడు చిదంబరం నల్లగా మాడిపోయిన నెగటివ్ ఒకటి చూపించాడు. కెమెరా వెనక తలుపు సందుల్లోంచి వెలుతురు దూరిందనీ, రీలంతా పోయిందనీ చెప్పాడు. అతను చూపించిన రీలు నాలో ఎన్నడూ తిరగలేదు. ఇంకో రీలు వేసి పరీక్షిస్తే నిజం తేలిపోయేది. మనుషులకు యంత్రం మీద అనుమానం ఎంత తొందరగా వస్తుందో, మనిషి మీద అంత తొందరగా రాదు. నన్ను అంత పరీక్షించి ఎంచుకున్న సత్యవేణి, అతని మాటను పరీక్షించలేదు. బాగు చెయ్యమని నన్ను అక్కడే వదిలేసింది. బాగవదని అతను కబురు చేస్తే, తీసుకెళ్లడానికి కూడా రాలేదు.

స్టూడియో అద్దాల బీరువాలోంచి నేను అంతా చూశాను. చీకటిగదిలోంచి అతను తడి ప్రింటు తెచ్చి తీగకు తగిలించాడు. సింగారమ్మ నవ్వుతోంది. ఆమె భర్త ముఖం మాత్రం లేదు. భుజం దగ్గర అంచు కోసేశాడు. బొమ్మ అలాగే బాగుంటుందనుకున్నాడు కాబోలు. దాని ముందు నిలబడి చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆ ప్రింటును తన పేరుతో పోటీకి పంపాడు. బంగారు పతకం వచ్చింది. పేపర్లో పడింది.

ఆ పేపరు పట్టుకుని సత్యవేణి వచ్చింది. గొంతు పెంచలేదు.

"అన్నయ్యగారూ, ఇది తీసినరోజు తాళ్లరేవులో మీరు ఎక్కడ నిలబడ్డారు?"

అతను బల్లమీది కాగితాలు సర్దాడు. "తీసినంత మాత్రాన ఫోటో అయిపోతుందా అమ్మా? దాన్ని వెలుగులోకి తెచ్చింది నేను కదా" అన్నాడు.

ఆమె నన్ను అడిగి తీసుకుంది. వీధిలోకి వచ్చాక నా వెనక తలుపు తెరిచి, వెలుతురు దూరకుండా అంచులకున్న నల్లటి మెత్తను వేలితో తడిమింది. చెక్కు చెదరకుండా ఉంది. నాతో ఒక్క మాటైనా అంటుందేమోనని చూశాను. అనలేదు. తలుపు మూసేసింది.

మర్నాడు తాళ్లరేవు వెళ్లాం. ఆ ఫోటో తీసింది సత్యవేణేనని సింగారమ్మ చేత చెప్పిస్తే చాలనుకుంది. సింగారమ్మ మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టింది. ఆమె నుదుట బొట్టు లేదు. చేపల వేటకెళ్లిన భర్త పడవ తిరిగి రాలేదు.

"పోటో ఇత్తానన్నారు కదండీ," అంది. "పేపరోళ్లకిచ్చేరు. నాకివ్వలేదండి. ఆయన బొమ్మ ఇంకెక్కడా లేదండి. దాన్లో కూడా కోసేసేరు."

పేపరుకు ఫోటో తను ఇవ్వలేదని, తననూ మోసం చేశారని సత్యవేణి చెప్పింది. సింగారమ్మ విన్నది. నమ్మినట్టు కనిపించలేదు.

తిరుగు బస్సు దిగి సత్యవేణి నేరుగా స్టూడియోకి వెళ్లింది. కొయ్యకుండా, మొత్తం బొమ్మ ఒక ప్రింటు వేసి ఇమ్మంది. నెగటివ్ లేదన్నాడు చిదంబరం. అది బయటికొస్తే పతకం సంగతి ఏమవుతుందోనని అతని భయం. అప్పుడు ఆమె అన్నది:

"పతకం మీదే. పేరు మీదే. ఇది నేను తీశానని ఎవరితోనూ అనను. ఆయన ముఖం ఆమెకివ్వండి, చాలు."

అతను చీకటిగదిలోకి వెళ్లాడు. తడి ఆరని ప్రింటు తెచ్చి, ఆమె కళ్లలోకి చూడకుండా ఇచ్చాడు.

తాళ్లరేవులో సింగారమ్మ ఆ ప్రింటు అందుకుని తన నవ్వు వైపు చూడలేదు. తాడు లాగుతున్న మనిషి మీద వేలు ఆనించి గోడకు చేరబడి కూచుంది. కాసేపటికి సత్యవేణికి కూచోమని పీట జరిపింది.

సత్యవేణి మాట తప్పలేదు. చిదంబరం పోయాక సంతాప సభలో ఆ ఫోటోను పెద్దది చేసి పెడితే, వెనక వరసలో కూచుని చూసింది. గొప్పగా తీశారండీ అని పక్కనావిడ అంటే, అవునండీ అంది. అప్పుడు నేను ఆమె ఒళ్లో ఉన్నాను.

ఆమె మాట ఇచ్చింది. నేను ఎవరికీ ఇవ్వలేదు. అందుకే మీకు చెబుతున్నాను: అది తీసింది సత్యవేణి.