రెండు తాళ్ల బీరువా

ఆ పొద్దు మబ్బులు రెండు వరుసల్ల పోతున్నయి. కిందియి ఫలక్‌నుమా దిక్కు, మీదియి చార్మినార్ దిక్కు. ఒకదాన్నొకటి తాకుతలేవు.

శాలిబండల మా ఇల్లు, మా అన్న పురుషోత్తం ఇల్లు ఎదురెదురు. నడుమ సన్నటి సందు. పంపకాల కాడ మాటా మాటా పెరిగి, యాడాది సంది మాట్లాడుకుంటలేం. మొన్న మా అమ్మ నాగమణమ్మ నా ఇంటి మేడమీది అర్రలకు వచ్చింది. ఆమె అద్దాల బీరువా అన్న ఇంట్లనే ఉండిపోయింది.

“మీరిద్దరు కలిసి దాన్ని ఈడ పెట్టేదాక మెతుకు ముట్ట,” అన్నది. నిన్నటి సంది ఒట్టి నీళ్లే.

మెట్లు ఇరుకు, మలుపు కాడ బీరువా తిరగదు. ఖాళీ చేసి సందుల నిలబెట్టి రెండు తాళ్లు కట్టినం. ఎవరి డాబా మీద వాళ్లం నిలబడి గిరకల మీదికెల్లి గుంజినం. లేచింది. మా బాల్కనీ ఎత్తుకు వచ్చి నడిమిట్ల ఆగింది. నేనెంత గుంజితే అన్న అంత గుంజుతడు. వదులు చెయ్యమని ఎవరు నోరు తెరవాలె?

అద్దంల మబ్బులు పోతున్నయి. ఆకాశం ముక్కొకటి సందుల వేలాడినట్టున్నది. చూసుకుంట చేతుల బరువు మరిచిపోయిన.

కిందికెల్లి అన్న బిడ్డ స్రవ్య నవ్వింది. ఇంటర్ చదువుతది.

“అచ్చం ఫిజిక్స్ పుస్తకంల బొమ్మ లెక్కనే ఉన్నరు! ఇద్దరి బలం ఒకటే, దిక్కులు వేరు. మీవి సమాన సదిశలు కావు.”

“సదిశ అంటే ఏందే?” అన్న అడిగిండు.

“ఎంత అనేదే కాదు బాపూ, ఎటు అనేది గూడ ఉండాలె. నాయనమ్మ ఆకలికి దిక్కు లేదు, అది అదిశ. మీ గుంజుడుకు దిక్కున్నది. పక్కలకు గుంజేది ఒకరిదొకరు కొట్టేసుకుంటున్నరు. మీదికి గుంజేది బీరువా బరువుకు సరిపోయింది. అన్ని కలిపితే శూన్య సదిశ.”

“అంటే ఏం లేనట్టేనా?” అని నేనడిగిన.

“ఎందుకు లేదు చిన్నాయనా! అందరు గుంజుతనే ఉన్నరు. కదులుతలేదు, గంతే.”

తాడు అరచేతులను కోస్తున్నది. బాల్కనీల అమ్మ గోడ పట్టుకొని నిలబడ్డది.

“అన్నా,” అని పిలిచిన. “జర వదులు.”

“గీ ముక్కకు యాడాది పట్టిందా?” అన్నడు. తాడు మెల్లగ వదిలిండు. బీరువా ఆకాశంతో సహా నా దిక్కు తేలుకుంట వచ్చి బాల్కనీల దిగింది.

అన్న మా మెట్లెక్కి వచ్చిండు. ఇద్దరం లోపలికి జరిపినం.

అమ్మ నాలుగు కంచాలు పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. అన్న రొట్టె అయిపోతే నాదాంట్ల సగం తుంచి ఏసిన. ఆయన తిన్నడు.