గోడవైపు తిరిగి

ఎడమవైపు తిరిగి పడుకుంటే మంచిదని చెప్పడానికి డాక్టరుకి అర నిమిషం కూడా పట్టలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె నెల రోజులుగా ఇంటిల్లిపాదినీ వేపుకు తింటోంది. ఇంటిల్లిపాదీ అంటే ఎంతమందనీ, తనూ మొగుడూనూ. ఆమెకిప్పుడు ఎనిమిదో నెల. రెండేళ్ళ క్రితం మొదటి బిడ్డ ఇదే నెలలో కడుపులోనే పోయింది. ఆ పొద్దున మెలకువ వచ్చేసరికి ఆమె వెల్లకిలా పడుకుని ఉంది, కడుపులో ఉలుకూ పలుకూ లేదు. తానలా పడుకోబట్టే పోయిందని ఆమె నమ్మకం. ఈ సంగతి ఇంతవరకూ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

వాళ్ళది ఒకటే గది. మంచం ఒక పక్క గోడకి ఆనుకుని ఉంటుంది. నిద్రమత్తులో ఎడమేదో కుడేదో తెలిసి చావదు కదా, అందుకని మొగుడే ఉపాయం చెప్పాడు.

"గోడ కనిపిస్తే ఎడమ. నా మొహం కనిపిస్తే కుడి. అంతే."

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ప్రతి వైరుకీ ఒక గుర్తు పెట్టుకోనిదే అతనికి తోచదు. ఆమె వీపు వెనక రెండు తలగడలు కూడా అడ్డం పెట్టాడు. వాటిని కూడా తొక్కుకుని ఆమె వెల్లకిలా అయిపోతే, భుజం పట్టుకుని మెల్లగా గోడవైపు తిప్పేవాడు. ఈ కాపలాతో అతనికి కంటిమీద కునుకు లేదు. పగలు పనిలో ఆవులిస్తుంటే తోటివాళ్ళు ఆటపట్టించేవారు, నవ్వి ఊరుకునేవాడు.

పన్నెండు రోజుల క్రితం పెద్ద వాన కురిసి కప్పు కారింది. కారడానికి ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా తలాపి మీదే. మంచం జరపడానికి ఆ గదిలో చోటెక్కడిది? తలగడలు తీసి కాళ్ళవైపు వేసుకుని అటు తలపెట్టి పడుకోవడం మొదలుపెట్టారు. ముఖం మీద చుక్క పడకపోతే చాలనుకున్నారు తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

ఆమె పని కర్టెన్లు కుట్టే దుకాణంలో. ఈ రోజు మధ్యాహ్నం కొంగల బొమ్మలున్న బట్ట కోసింది. నాలుగు ముక్కలు కోసి, కుట్టేందుకు మొదటిది తిరగేసి చూస్తే కొంగలన్నీ తలకిందులుగా ఉన్నాయి. కటింగ్ మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని వచ్చాడు.

"ఏంటమ్మాయ్, కొంగల చేత సర్కస్ చేయిస్తున్నావా?"

"ఎప్పట్లాగే కోశానండీ మాస్టారూ. కిటికీ వైపు పైభాగం, తలుపు వైపు కిందిభాగం."

"పొద్దున ఎండ కొడుతోందని బట్ట ఇటుది అటు తిప్పి పరిచానమ్మా. బట్ట తిరిగిపోయింది, నువ్వేమో ఇంకా కిటికీనే చూస్తున్నావు. చెప్పకపోవడం నాదే తప్పులే. కుడివైపు రావాల్సిన అంచు చూడు, ఎడమవైపుకొచ్చి కూర్చుంది."

ఆమె చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. మంచం కళ్ళముందుకొచ్చింది. తల అటు, కాళ్ళు ఇటు, గోడ మాత్రం ఎక్కడిదక్కడే. అంటే పన్నెండు రోజులుగా తాను గోడవైపు తిరిగి, పైగా మొగుడి చేత తిప్పించుకుని మరీ, కుడివైపు పడుకుంటోంది!

పై ప్రాణాలు పైనే పోయాయి. కడుపు మీద చెయ్యి వేసింది. పొద్దున బస్సులో కదిలిందా? కదిలింది. లేదు, అది నిన్న. కత్తెర పట్టుకున్నాక ఒక్కసారైనా? ఎంత తవ్వుకున్నా గుర్తురాలేదు. కూర్చుంది, నిలబడింది, నీళ్ళు తాగింది. లోపల చడీచప్పుడూ లేదు.

"మాస్టారూ, లోపల కదలడం లేదండీ."

మాస్టారు సర్కస్ సంగతి మర్చిపోయాడు. "ఇంకా నిలబడ్డావేం? పద, పద" అంటూ తనే ఆటో పిలిచి ఎక్కించాడు. ఆమె ఆటోలోంచి మొగుడికి ఫోన్ చేసింది. "ఆస్పత్రి" అని మాత్రం అనగలిగింది.

నర్సు మంచం మీద పడుకోబెట్టి, పొట్ట చుట్టూ బెల్టు కట్టి, బిడ్డ గుండె చప్పుడు వినే మిషను బిళ్ళని అటూ ఇటూ జరుపుతోంది. గరగరమని శబ్దం తప్ప ఇంకేమీ లేదు. అప్పుడే మొగుడు గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏవండీ, తలగడలు తిప్పేశాం కదా. గోడవైపంటే ఇప్పుడు కుడి."

అతనికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "రోజూ నేనే తిప్పాను" అన్నాడు.

నర్సు బిళ్ళని ఇంకో నాలుగు వేళ్ళు కిందికి జరిపింది. టకటకటకమని గది నిండా చప్పుడు.

"ఇదిగో, మీ దొరగారో దొరసానిగారో. నిద్రపోతున్నట్టున్నారు" అంది. అన్నంతలో లోపలి బిడ్డ ఒక తాపు తన్నింది కూడా. ఆమె చెంపల మీద నీళ్ళు ధారగా కారాయి.

"కుడివైపు పడుకున్నాను సిస్టర్. పన్నెండు రోజులు."

"పడుకో. ఎడమైనా కుడైనా పక్కకి తిరిగితే చాలు. నిద్రలో వెల్లకిలా అయితే మెలకువ వచ్చినప్పుడు మళ్ళీ తిరుగు, కంగారెందుకు? కదలిక తగ్గిందనిపిస్తే మాత్రం ఇలాగే వెంటనే వచ్చెయ్యాలి."

ఇంత ధైర్యం వచ్చాక ఆమె ఇంకాగలేకపోయింది. "మొదటిసారి వెల్లకిలానే పడుకున్నాను. అందుకే పోయింది."

నర్సు జవాబు చెప్పబోయేలోపు మొగుడు అందుకున్నాడు. "నాకు తెలుసు. ఆ పొద్దున డ్యూటీకి వెళ్తూ చూశాను. హాయిగా నిద్రపోతోంది కదా, లేపడమెందుకని దుప్పటి కప్పి వెళ్ళిపోయాను. అప్పుడు లేపి ఉంటే..."

రెండేళ్ళు ఒకే మంచం మీద, ఒకే దిగులు, చెరొకవైపు తిరిగి దాచుకున్నారు.

నర్సు ఆమె ఆస్పత్రి ఫైల్లోంచి పాత కాగితాలు తీసి వేలు పెట్టి చూపించింది. "బొడ్డుతాడు ముడిపడి బిగుసుకుందని ఇక్కడ రాసే ఉందమ్మా. పడుకోవడానికీ దీనికీ సంబంధం లేదు. అప్పుడు మీకు చెప్పలేదా?"

చెప్పే ఉంటారు. ఆ రోజు వినే స్థితిలో ఎవరున్నారు?

అరగంట మిషను పెట్టి చూడాలంది నర్సు. మొగుడు కుర్చీ దగ్గరికి లాక్కుని మంచం అంచు మీద తల వాల్చాడు. రెండు నిమిషాల్లో గురక మొదలైంది. అరగంటయ్యాక నర్సు బెల్టు విప్పి, "అంతా బాగుంది, ఇక ఇంటికెళ్ళొచ్చు. లేపు మీ ఆయన్ని" అంది.

ఆమె అతని జుట్టు మీద చెయ్యి వేసింది.

"లేపనండీ. కాసేపు పడుకోనివ్వండి."