మగ్రిబ్ వేళ లా క్లాసు

రియాద్‌లో ఊర్మిల లాయరని తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె భర్త ప్రభాకర్, రెండోవాడు బతా బజారులో టెలిఫోన్ కేబిన్లు నడిపే ఇస్సాక్. మిగతా ఊరికంతటికీ ఆమె మెయింటెనెన్స్ ఇంజనీరుగారి భార్య. ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామాలోనైతే ఆ మాత్రం గౌరవం కూడా లేదు. భర్త వీసా మీద వచ్చిన మనిషనీ, పనిచేయడానికి అనుమతి లేదనీ అరబ్బీలో అచ్చేసి ఉంటుంది.

వరంగల్‌లో లా చదివి, అమెరికాలో పై చదువు చదివి, అక్కడి బార్ పరీక్ష మొదటిసారికే గట్టెక్కి, రెండేళ్లు కోర్టు మెట్లు ఎక్కి దిగిన మనిషి. పెళ్లయి రియాద్ వచ్చాక నల్లకోటు సూట్‌కేసు అడుగుకు చేరింది. నాలుగేళ్లుగా ఆమె వాదనలన్నీ కూరగాయల కొట్టువాడితోనే. ఇక మిగిలింది ఆ లైసెన్సు ఒక్కటి. దాన్నైనా కాపాడుకుందామని ఆమె పట్టుదల.

కాపాడుకోవడమూ తేలిక కాదు. అక్కడి లాయర్లు తలలు పండినా సరే, కొన్ని గంటలు కొత్త పాఠాలు వింటూనే ఉండాలి. వినకపోతే లైసెన్సు పక్కన పెట్టేస్తారు. మళ్లీ కావాలంటే స్వయంగా వెళ్లి బతిమాలుకోవాలి. పెద్ద హోటళ్లలో జరిగే క్లాసులు పెద్ద లాయర్లకే గాని, చిన్న ఊళ్లలో నెట్టుకొచ్చే వాళ్లకు అందవు. అలాంటివాళ్ల కోసం రిటైరైన లాయరొకాయన టెలిఫోన్లో చౌకగా పాఠాలు మొదలుపెట్టాడు. ఎక్కడివాళ్లు అక్కడినుంచే ఫోన్ చేస్తే అందరినీ ఒకే లైన్లో కలుపుతారు. మధ్యలో ఎప్పుడో చెప్పాపెట్టకుండా ఒకావిడ పేర్లు పిలుస్తుంది. పలకని వాళ్లకూ, లైను తెగిపోయిన వాళ్లకూ ఆ గంట లెక్కలోకి రాదు. ఊర్మిల అక్కడ పనిచేసినప్పటి స్నేహితురాలు ఈ సంగతి రాసింది. విమానం ఎక్కే ఖర్చులో ఇది పిసరంత. కంపెనీ ఇచ్చిన ఫ్లాట్‌లోని ఫోన్‌కు విదేశీ లైను లేదు కనుక, ఎండాకాలం నుంచి ఆమె కాలేజీ ఇస్సాక్ కేబిన్లోనే నడుస్తోంది.

పందొమ్మిది వందల తొంభై ఎనిమిది నవంబరు మొదటి వారం. ఇక ఒక్క గంట పాఠం మిగిలింది. ఆ ఏటికి చివరి క్లాసు అదే, గడువు ఆ నెలాఖరు. ఎప్పటిలాగే నాలుగింటికి ప్రభాకర్ ఆమెను దింపాడు. ఊర్మిల ఒళ్లంతా కప్పిన నల్లటి అబాయా సర్దుకుని, పెన్నూ కాగితాలూ పరుచుకుని, నంబరు తిప్పింది. అవతల పాఠం లేదు, పాఠాలాయన లేడు. క్లాసు మొదలవడానికి ఇంకా గంట ఉందని రికార్డు చేసిన గొంతు మర్యాదగా చెప్పింది.

ఊర్మిల తల పట్టుకుంది. అమెరికాలో అక్టోబరు చివర గడియారాలన్నీ ఒక గంట వెనక్కి తిప్పుతారు, దాంతో నాలుగింటి క్లాసు ఇక్కడి లెక్కలో అయిదింటికి జరిగింది. అక్కడున్నన్నేళ్లూ గోడ గడియారాన్ని తన చేత్తోనే తిప్పింది. కానీ ఇక్కడి గడియారాలను ఎవరూ ముట్టుకోరు. ఇక్కడ టైమంటే నమాజే. వేసవైనా చలైనా ఆ అయిదు వేళల చుట్టూనే బతుకు తిరుగుతుంది. నాలుగేళ్లు అలా బతికేసరికి గడియారాన్ని వెనక్కి తిప్పే దేశం ఒకటుందన్న సంగతే బుర్రలోంచి జారిపోయింది. ఇంత చదివి ఏం లాభం అని తనను తాను తిట్టుకుంది.

గంట ఆగడం కష్టం కాదు. కష్టమంతా అయిదు దాటాక. ఆ రోజుల్లో పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు పిలిచే అజాన్ అయిదూ పది ప్రాంతంలో పడుతుంది. అజాన్ వినిపిస్తే బతాలో ప్రతి షట్టరూ కిందికి రావలసిందే. ఇస్సాక్ మెయిన్ స్విచ్ తీసేసి, మలుపులో ఉన్న మసీదుకు పోతాడు. అంటే పాఠం మొదలైన పది నిమిషాలకే లైను తెగిపోతుంది.

ఇస్సాక్ ప్రొద్దుటూరు మనిషి. కేబిన్ల పని పట్టకముందు ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్. కళ్లెర్రబడిన ఊర్మిలను చూసి కంగారుపడ్డాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఈ ఒక్క గంట పోతే నా లైసెన్సు పోతదన్నా. షట్టర్ కిందికి గుంజి, నన్ను లోపలనే ఉండనీయరాదు?"

"మగోళ్లయితే అప్పుడప్పుడు ఉండిపోతారు తల్లీ. మూసిన అంగట్లో ఆడమనిషి ఉందని తెలిస్తే మతం పోలీసులు నన్ను జీపెక్కిస్తారు. మీ ఆయన పక్కనున్నా ఇనరు."

అది నిజమేనని ఆమెకూ తెలుసు. ఇస్సాక్ గడ్డం గోక్కుంటూ పైకప్పు వైపు చూశాడు. కేబిన్లకు సరిగ్గా పైన అతని ఇల్లు. భార్య ఆరిఫా ఉంటుంది. ఫోన్ వైరు పైకి లాగితే సరి. మెయిన్ స్విచ్ తీయకుండా వదిలేస్తే, షట్టర్ దించినా, లోపల ఎవరూ లేకపోయినా లైను నడుస్తుంది, పైన ఆడవాళ్లు ఆడవాళ్ల దగ్గర ఉంటారు. మెట్లు భవనం చుట్టూ తిరిగి వెనకనుంచి ఉన్నాయి, తన దగ్గరున్న వైరు అంత దూరం చాలదు. సందులోకి తెరుచుకునే పైగది కిటికీలోంచైతే తిన్నగా అందుతుంది. ఈ ఆలోచన వచ్చినందుకు ఇస్సాక్ తనలో తానే మురిసిపోయాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి అతని మొహం చిన్నబోయింది.

"ఒప్పుకుంటాదో లేదో. నువ్వే అడుగు తల్లీ. నేనడిగితే కాదంటాది" అన్నాడు.

పైకి వెళ్లాక ఊర్మిలకు అర్థమైంది. కిటికీ అంచుల చుట్టూ పార్సిళ్లకు వేసే గోధుమరంగు టేపు, వరస మీద వరస. తొంభై ఒకటి గల్ఫ్ యుద్ధంలో రియాద్ మీదికి ఇరాక్ స్కడ్ క్షిపణులు వచ్చిపడుతున్నప్పుడు, విషవాయువు రాకుండా ప్రతి ఇంట్లో ఒక గది ఇలాగే మూశారు. యుద్ధం ముగిసిన వారానికే అందరూ పీకి పారేశారు. ఆరిఫా మాత్రం పీకలేదు. ఇస్సాక్ ఎప్పుడడిగినా దుమ్మొస్తుందనేది. అతను నమ్మాడు. ఇప్పుడు పేపర్లలో మళ్లీ ఇరాక్ మీద దాడి అంటున్నారు. బీరువా మీద రెండు కొత్త టేపు చుట్టలున్నాయి. ఊరికి పచ్చళ్ల పార్సిలు కట్టడానికని చెప్పిందట. ఊరినుంచి ఇక్కడికి పచ్చళ్లు రావడం అందరికీ తెలుసు గాని, ఇక్కడినుంచి ఊరికి పచ్చళ్లు పోవడం ఎక్కడైనా ఉందా అని ఆ మహానుభావుడు అడగలేదు.

"అది మాత్రం తెరిసేది లేదు పాపా" అంది ఆరిఫా. కోపంగా కాదు, మెల్లగానే.

కింద సందులో ఇస్సాక్ వైరు చుట్ట పట్టుకుని మెడ పైకెత్తి నిలబడ్డాడు. అయిదుకు ఇంకా పావుగంటే ఉంది. కోర్టులో జడ్జి ముందైతే ఊర్మిలకు పది వాదనలు తోచేవి. ఇక్కడ అవేవీ పనికిరావు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇకామా తీసి, పనిచేయడానికి అనుమతి లేదన్న వరస మీద వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ నేనేందో ఇండ్ల రాసిండ్రక్కా. అక్కడి లైసెన్సు మీద వేరే రాసుంది. అండ్ల నా పేరొక్కటే ఉంటది. అది పోతే నాకు ఇదొక్కటే మిగుల్తది."

ఆరిఫా ఇకామాలోనూ అదే వరస ఉంది. ఆమె ఆ అక్షరాలను చాలాసేపు చూసింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఉల్లిపాయలు తరిగే చాకు తెచ్చి, టేపు కోయడం మొదలుపెట్టింది. ఎండకు బిగుసుకుపోయిన టేపు పెళుసుగా విరుగుతూ, రంగును కూడా ఊడదీసుకుంటూ వచ్చింది. ఇద్దరూ కలిసి రెక్కను గుంజితే, ఏళ్ల నాటి దుమ్ము నెత్తిన పోసి కిటికీ తెరుచుకుంది. ఇస్సాక్ షట్టర్ లాగే కొక్కెం కర్రకు వైరుతో పాటు ఫోనూ తగిలించి పైకందించాడు. అయిదుకు రెండు నిమిషాలుండగా ఊర్మిల ఫోన్‌లో అవతల పాఠాలాయన దగ్గు వినిపించింది. ఆ దగ్గు విని ఇంత సంతోషించిన విద్యార్థి ఆయనకు ఇంతకుముందు దొరికి ఉండదు.

పాఠం మొదలైన కాసేపటికి అజాన్ మొదలైంది. బతాలో మసీదులు ఒకటా రెండా. అన్నీ కలిసి, తెరిచిన కిటికీలోంచి నేరుగా గదిలోకే వచ్చాయి. కింద షట్టర్లు ధనధనా పడుతున్నాయి. సరిగ్గా అప్పుడే అవతలావిడ పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఊర్మిలకు ఎవరి పేరు పిలుస్తోందో తెలియడం లేదు. వైరు అడ్డం, కిటికీ మూయడానికి లేదు. ఆరిఫా ఒక్క క్షణం చూసి, మంచం మీది రజాయి లాగి ఊర్మిల తల మీదా ఫోన్ మీదా కప్పేసింది. ఆ చీకట్లో, ఊపిరాడని వెచ్చదనంలో, తన పేరు వంకరటింకరగా వినిపించింది. "ఉన్నాను" అని ఇంగ్లీషులో ఎంత గట్టిగా చెప్పిందంటే, లైన్లో ఉన్న లాయర్లంతా నవ్వారు. ఆమెకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాతంతా సాఫీగానే సాగింది. ఆరిఫా ఒక మూల నమాజు చదువుకుని, టీ తెచ్చి పక్కన పెట్టి, అర్థంకాని ఆ పాఠమంతా తనూ కూర్చుని విన్నది. చివర్లో మళ్లీ పిలిచారు, ఊర్మిల మళ్లీ పలికింది. గంట పూర్తయినట్టేనని, కాగితం పోస్టులో వస్తుందని అవతలావిడ చెప్పింది. ఫోన్ పెట్టేసి ఊర్మిల గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నెలల తరబడి గుండెల మీదున్న బరువు దిగిపోయి, ఒళ్లంతా తేలికైపోయింది.

"అంతసేపు ఆయప్ప ఏం చెప్పినాడు పాపా?" అని అడిగింది ఆరిఫా.

"నమ్మి చెప్పిన మాటను లాయరు ఎవ్వలికీ చెప్పొద్దని చెప్పిండక్కా. కట్టుకున్నోనికైనా సరే చెప్పొద్దంట."

ఆరిఫా కిటికీ వైపు తిరిగింది. సందులోంచి గాలి వస్తోంది. ఎక్కడో నూనెలో సమోసాలు వేగుతున్న వాసన.

"అట్లయితే నీకు చెప్తా. నాకు దుమ్ము కాదు పాపా, భయం. మళ్లా యుద్ధం వస్తాదని నిద్రపట్టదు. ఇంటికి పోదామని అడగాలంటే నోరు రాదు. నేను ధైర్యంగా ఉండానని నమ్ముకోని ఆయన అంగడి నడుపుతాండాడు. ఆయనకు తెలీకూడదు."

ఊర్మిల ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను చెప్పనక్కా. నువ్వు చెప్పుకుందామనుకున్ననాడు పిలువు, పక్కన నేనుంటా."

నాలుగేళ్ల తర్వాత లాయరుగా ఆమె అన్న మొదటి మాట అది. ఆరిఫా సరేనని తలూపింది. భర్తను అడగడం ఇప్పుడే కాకపోయినా, ఎవరికో ఒకరికి చెప్పేసినందుకు ఆమె మొహం కాస్త తెరిపినపడింది. ఇంతలో కిందినుంచి ఇస్సాక్ వైరు చుట్టుకుంటూ, టేపు మళ్లీ వేయమంటావా అని కేకేశాడు.

"వద్దులే, గాలొస్తాంది" అంది ఆరిఫా.

ఊర్మిల కిందికి వచ్చేసరికి షట్టర్లు మళ్లీ లేచాయి. నమాజు వేళంతా కారులో కూర్చుని చదివిన పేపర్నే చదివిన ప్రభాకర్, ఆమె నవ్వు మొహం చూసి పెద్దగా ఊపిరి వదిలాడు. క్లాసు ఆరింటికే అయిపోయిందని ఇస్సాక్ చెప్పాడు గదా, ఇంతసేపు ఎవరితో మాట్లాడినవని అడిగాడు.

"క్లయింట్‌తోని" అంది ఊర్మిల.

"ఏమంటది నీ క్లయింటు?"

"అది చెప్పొద్దు" అంది ఊర్మిల. ప్రభాకర్ ఒకసారి ఆమె వైపు చూసి, మరి అడగకుండా కారు స్టార్ట్ చేశాడు.