కందిరీగ సాక్ష్యం

బట్టల కొట్టులో గ్రేసీకి ఒకపూట సెలవు దొరకడం ఒక ఎత్తు, అత్త ఆదెమ్మను ఆసుపత్రికి బయల్దేరదీయడం ఇంకో ఎత్తు. జగ్గయ్యపేటలో బస్సెక్కింది మొదలు ఆమె ఆరేళ్ల కొడుకు బెన్నీ తల్లి ఒళ్లో నిద్రే. నందిగామలో దిగేసరికి గ్రేసీ కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి.

పోయిన నెల మిరప చేలో వాణ్ణి కందిరీగ కుట్టింది. అప్పుడు దగ్గరున్నది నాయనమ్మ ఒక్కతే.

పిల్లల డాక్టరు భవానీప్రసాద్ అడిగిందల్లా అది కుట్టాక ఏం జరిగిందనే. ఒంటిమీద దద్దుర్లతో పోయి ఉంటే పెద్దగా భయం లేదన్నాడు. ఊపిరాడకో, స్పృహ తప్పో పడిపోయి ఉంటే మాత్రం ఈసారి కుడితే ప్రాణం మీదికి రావచ్చు. విజయవాడలో పరీక్షలు చేయించాలి, ఇంజెక్షను ఎప్పుడూ చేతికందేలా ఉండాలి.

"దద్దుర్లేనండి. సున్నం రాశా, తగ్గింది," అంది ఆదెమ్మ.

ఇదే ఆదెమ్మ రెండు వారాల కిందట చర్చిలో లేచి, బిడ్డ శవంలా పడిపోతే ప్రార్థన చేసి లేపుకున్నానని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా స్తోత్రం అంది. గ్రేసీ నమ్మలేదు. సాక్ష్యానికి నిలబడ్డవాళ్ల జ్వరం ఎప్పుడూ నూట ఆరే. అత్త మోకాలి నొప్పి కూడా అక్కడ పక్షవాతమైంది. పాస్టరు ముందు పెరిగే మాట డాక్టరు ముందు తరిగిపోతుంది. వీటిలో ఏది నిజమో తేల్చకపోతే పిల్లాడి సంగతి తేలదు.

అత్తను వరండాలోకి తీసుకెళ్లి, గొంతు పెంచే ఓపిక లేక మెల్లగానే అడిగింది. "చర్చిలో పెంచి చెప్పావా, ఇక్కడ తగ్గించి చెప్తున్నావా అత్తా?"

ఆదెమ్మ డాక్టరు గది వైపోసారి చూసి గొంతు తగ్గించింది.

"రెండు చోట్లా తగ్గించే చెప్పానే. వాడు కేకేస్తే, వస్తన్నాలే అని సాలు అయిందాకా కాయ కోశా. పోయి చూస్తే కింద పడున్నాడు. పిలిస్తే పలకలా. లాగులోనే పోసుకున్నాడు. ఎంతసేపయిందో నాకే తెలవదు. ఇది చెప్తే మళ్లా బిడ్డని నాకాడ వదుల్తావా?"

గ్రేసీకి తిట్టాలనిపించింది. కానీ రేపు పొద్దున కొట్టుకు పోవాలంటే వాణ్ణి వదలడానికి ఈమె తప్ప ఎవరున్నారు?

లోపలికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరు అంతకుముందు రాసిన దద్దుర్ల మాట కొట్టేసి మళ్లీ మొదటినుంచి రాశాడు, విజయవాడ ఆసుపత్రికి ఉత్తరం ఇచ్చాడు.

"ఆ ఇంజెక్షను ఎట్లా వెయ్యాలో మా అత్తకి కూడా చూపించండి," అంది గ్రేసీ. "పగలంతా వాడి దగ్గరుండేది ఆమే."

ఆదెమ్మ గుమ్మంలోంచి లోపలికి వచ్చి నిలబడింది. గ్రేసీ కుర్చీలో కూలబడి, విజయవాడకని ఇంకో రోజు సెలవు ఏమని అడగాలా అని ఆలోచనలో పడింది.