నిమ్మకాయల మీద అంబాసిడర్

దేవేందర్ తన పాత అంబాసిడర్ కింద పడుకుని అరిగిన బుష్‌లు పీకినప్పుడు వచ్చిన కంపుకు, క్వార్టర్ల ముందు నిద్రపోతున్న కుక్క లేచి వెళ్ళిపోయింది. కారు వెనకభాగం బరువు మోసే కమాన్ పట్టీల చివర మెత్తగా ఉండాల్సిన రబ్బరు, కుళ్ళిన నేరేడుపండులా వేళ్ళకు అంటుకుంది. పట్టీల సందులో ఎలుక ఒకటి కాపురం పెట్టి, అక్కడే కాలం చేసింది.

"ఛీ! కమాన్, కమాన్ అని పిలిచినట్టున్నయ్, వచ్చి పండుకున్నది," అని ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు.

యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే ఆయన నోటి మాట వంకర తిరగకుండా బయటికి రాదు. భార్య స్వరూప మాటకు మాత్రం వంకరే లేదు.

"ఆదివారం తార్నాకకు దోసెకు పోదాం. క్యాంపస్ స్పీడ్ బ్రేకర్ల మీద నా నడుము ఎగిరిందో, మీ కారు ఆడ్నే తుక్కు దుకాణంల దిగుతది. నేను ఆటోల వస్తా."

కొత్త పట్టీలు, బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు తెచ్చాడు. పాతవి షాకులు మింగడం మానేసి వడ్డించడం మొదలుపెట్టి ఏళ్ళయింది. ఈ పనికి ఒకటే నియమం: బోల్టులు ముందు వదులుగా పెట్టి, కారును జాకీల మీంచి దించి, చక్రాల మీద బరువు పడ్డాకే బిగించాలి. గాలిలో బిగిస్తే, దించగానే రబ్బరు మెలిపడి కారు బిర్రబిగుసుకుంటుంది. దేవేందర్‌కు అది బాగా తెలుసు.

తెలిసి ఏం లాభం? ఆదివారం పొద్దున్నే బామ్మర్ది కిట్టు కొబ్బరికాయతో దిగాడు.

"బావా, కొత్త సామాన్ ఏసినవ్. ముహూర్తం దాకా చక్రం భూమికి తాకొద్దు. నిమ్మకాయల మీదికి దించితే అంతా నిమ్మళం. పూజ అయినంక ఒక చక్కర్ కొట్టేదాంక పానా ముట్టొద్దు."

"దించినంకనే బిగించాలెరా!"

"గాల్లనే బిగించు. గాడైనా గీడైనా బిగింపే కదా?"

"నీ బుర్రల బుష్ లేదురా, అంతా బుస్సే."

అన్నాడే గానీ, గొడవెందుకని గాలిలోనే బిగించాడు. బోల్టు బోల్టుకూ తన మీద తనకే రోత పుట్టింది.

ముహూర్తానికి కారు దించగానే చక్రాల కింద నిమ్మకాయలు పచక్కుమన్నాయి. కారు తోక ఎత్తిన తేలులా నిలబడింది. పూజ కాగానే స్వరూప ముందు కూర్చుంది, కిట్టు వెనక. మొదటి స్పీడ్ బ్రేకర్‌కు అంబాసిడర్ 'అంబా' అంది. రెండోదానికి స్వరూప తల టాపుకు కొట్టుకుంది.

"ఇగ సాలు," అంది తల రుద్దుకుంటూ. "తుక్కు దుకాణం తెరిచే ఉంటది."

దేవేందర్ ఆర్ట్స్ కాలేజీ దారిలో ఓ పక్కన ఆపి, డిక్కీలోంచి పానా తీశాడు.

"బావా! చక్కర్ పూర్తి కాలే! అరిష్టం!"

"అరిష్టం ఎన్క సీట్ల కూసున్నది. కదలకు, నీ బరువు కావాలె."

కింద దూరాడు. నిమ్మగుజ్జు, కుంకుమ, గ్రీజు కలిసి మెడ మీద కారాయి. మోచెయ్యి పెట్టిన చోట ఎవరో పాన్ ఉమ్మి ఉన్నారు. "థూ! మోచెయ్యి గాదు, మోరీ చెయ్యి!" అంటూనే బోల్టులు వదులు చేశాడు. రబ్బరు కిర్రుమని మెలి విప్పుకుంది. కారు వెనకభాగం రెండు వేళ్ళు దిగింది. అప్పుడు బిగించాడు.

తర్వాతి స్పీడ్ బ్రేకర్ దాటినట్టే తెలియలేదు. తార్నాకలో తుక్కు దుకాణం ముందు స్వరూప "ఆపండి" అంది. దేవేందర్ బిక్కుబిక్కుమంటూ బ్రేకు తొక్కాడు.

ఆమె వెనక్కి తిరిగింది.

"కిట్టూ, దిగు. తుక్కు సామాన్ ఈడనే దింపాలె."

"అక్కా!"

దేవేందర్ పకపకా నవ్వాడు. స్వరూప ముక్కు మూసుకుని కిటికీ అద్దం దించింది.

"మీరేం నవ్వుతరు? కారు ఉంటది గానీ, ముందు కడుక్కొని రాండ్రి. ఛీ, ఈ కంపుతోని దోసె లోపలికి పోతదా!"